రికూప్: ‘తిరిగి పొందడం’ అంటే సరిపోతుందా?

వ్యాపార వార్తల్లో ‘రికూప్’ అనే ఇంగ్లీషు క్రియ ఎదురైతే, తెలుగులో మనకు ముందు తట్టే మాట ‘తిరిగి పొందు’. ఆ అర్థాన్ని నమ్ముకుని వాక్యం రాస్తే ఇలా వస్తుంది: ‘ఆ కంపెనీ తన నష్టాలను తిరిగి పొందింది.’ ఇంగ్లీషు పక్కన పెట్టుకుని చదివితే ఇందులో తప్పేమీ కనిపించదు. ఇంగ్లీషు తీసేసి తెలుగుగా చదివితే మాత్రం ఆ కంపెనీకి మళ్లీ నష్టాలే వచ్చాయన్నట్టు ఉంటుంది. పొందేది లాభం, బహుమతి, హక్కు. నష్టాన్ని ఎవరూ కోరి పొందరు, తిరిగి అసలే పొందరు. చెప్పదలచుకున్న దానికి సరిగ్గా వ్యతిరేకమైన సంగతి వాక్యంలోకి వచ్చి కూర్చుంది.

పొరపాటు అనువాదం చేసిన వాళ్లది మాత్రమే కాదు. ఆ ఇంగ్లీషు క్రియలోనే ఒక వెసులుబాటు ఉంది. అది నష్టాన్నీ కర్మగా తీసుకుంటుంది, పెట్టుబడినీ తీసుకుంటుంది, ఖర్చునీ తీసుకుంటుంది. నష్టాలను రికూప్ చేయొచ్చు, పెట్టిన డబ్బునీ రికూప్ చేయొచ్చు. ఒకటి పోవాల్సింది, ఇంకొకటి రావాల్సింది. రెండింటికీ అక్కడ ఒకే క్రియ సరిపోతోంది. తెలుగు అలా ఒప్పుకోదు. నష్టాన్ని పూడ్చుకుంటాం. పెట్టుబడిని రాబట్టుకుంటాం. నష్టం నుంచి కోలుకుంటాం. మూడు క్రియలు, మూడు రకాల వాక్య నిర్మాణం. వాటిని తారుమారు చేసి చూస్తే తేడా చెవికే తెలుస్తుంది. ‘నష్టాన్ని కోలుకున్నాడు’ అని ఎవరూ అనరు, అక్కడ ‘నుంచి’ ఉండి తీరాలి. ‘పెట్టుబడిని పూడ్చుకున్నాడు’ అంటే పెట్టుబడి ఏదో గొయ్యి అయినట్టు ఉంటుంది. ‘నష్టాన్ని రాబట్టుకున్నాడు’ అని అక్కడక్కడా వినిపిస్తుంది కానీ, రాబట్టుకున్నది నష్టాన్ని కాదు, నష్టపోయిన డబ్బుని. కాబట్టి రికూప్‌కి తెలుగు వెతికేటప్పుడు దాని పక్కన ఉన్న నామవాచకాన్ని ముందు చూడాలి. ఏ క్రియ వాడాలో అదే చెబుతుంది.

ఇక ఈ మాట పుట్టుక. దాని అర్థంలో ఉన్న మెలిక అంతా అక్కడే ఉంది. ఇది ఫ్రెంచ్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రెంచ్‌లో ‘కూపే’ అంటే కోయడం, ‘రి’ అంటే మళ్లీ లేదా వెనక్కి. అంటే మొదట్లో దీని అర్థం ‘వెనక్కి కోసుకోవడం’. మనకు బాగా తెలిసిన ‘కూపన్’ కూడా ఆ కోత నుంచి వచ్చినదే. ఒకప్పుడు బాండ్ కాగితానికి చిన్న చిన్న చీటీలు అతికి ఉండేవి. వడ్డీ గడువు వచ్చినప్పుడల్లా ఒక చీటీ కత్తిరించి ఇచ్చి వడ్డీ తీసుకునేవారు. కాగితం బాండ్లు దాదాపు కనుమరుగైనా, బాండ్ మీద వచ్చే వడ్డీని ఇప్పటికీ కూపన్ అనే అంటున్నారు. అధికారాన్ని బలవంతంగా లాక్కోవడాన్ని చెప్పే ‘కూ’ కూడా ఈ కుటుంబానిదే, దానికి దెబ్బ అని అర్థం. ఆ మాటలో చివరి ‘ప్’ పలకదు, రికూప్‌లో మాత్రం పలుకుతుంది. ఒకటి తెలిసినవాళ్లు రెండోదాన్ని ‘రికూ’ అనుకోవడం, ఏదీ తెలియనివాళ్లు అక్షరాలను బట్టి ‘రికౌప్’ అనడం మామూలే.

ఇంగ్లీషులో ఈ క్రియ ముందు న్యాయ పరిభాషగా స్థిరపడింది. ఒకరికి ఇవ్వాల్సిన సొమ్ములోంచి, వాళ్ల వల్ల తనకు రావాల్సినది కోసుకుని మిగతాది ఇవ్వడం అని దాని అర్థం. ఉదాహరణకు ఇల్లు కట్టించుకున్న మనిషి మేస్త్రీకి ఇంకా 100 ఇవ్వాలి. పైకప్పు కారుతోంది, బాగు చేయించడానికి 30 అయింది. మేస్త్రీ 100 కోసం కోర్టుకు వెళితే, యజమాని 30 కోసుకుని 70 ఇస్తానని వాదించవచ్చు. ఇదే ‘రికూప్‌మెంట్’. దీనికి దగ్గరగా ‘సెట్ ఆఫ్’ అనే ఇంకో మాట ఉంది. బాకీ, ఎదురుబాకీ ఒకే ఒప్పందంలో పుడితే రికూప్‌మెంట్. సంబంధం లేని వేర్వేరు వ్యవహారాలవైతే సెట్ ఆఫ్. పైకప్పు ఖర్చు బదులు, ఆ మేస్త్రీ ఎప్పుడో తీసుకున్న చేబదులు కింద 30 మినహాయిస్తే అది రెండో రకం.

ఈ పాత అర్థానికి తెలుగులో చక్కటి మాట ఉంది, నిఘంటువుల్లో కంటే జనం నోట్లో ఎక్కువగా ఉంది: పట్టుకోవడం. ‘అడ్వాన్స్ జీతంలో పట్టుకున్నారు’, ‘బిల్లులో పట్టుకుని మిగతాది ఇచ్చారు’ అంటాం. ఇచ్చినదాన్ని చేతిలో పెట్టమని అడగరు, ఇవ్వాల్సిన దానిలోంచే తీసేసుకుంటారు. జీతంలో ‘కోత’ అన్నప్పుడైతే ఫ్రెంచ్ వాడు చూసిన కత్తిరింపే మనకూ కనిపిస్తుంది. రెండు భాషలూ ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నవి కావు, ఆ లావాదేవీ స్వభావమే అలాంటిది.

ఆ కోత అర్థం ఇప్పటికీ చెక్కుచెదరకుండా బతుకుతున్న చోటు సంగీత పరిశ్రమ. ఒక గాయనికి రికార్డింగ్ కంపెనీ ముందుగా 100 ఇచ్చిందనుకుందాం. పాటలు అమ్ముడయ్యాక ఆమె వాటా కింద ఏటా 20 చొప్పున జమ అవుతోంది. మొదటి ఐదేళ్లూ ఆమె చేతికి ఏమీ రాదు, ఆ 20 అడ్వాన్స్ కింద కోతకు పోతుంది. ఆరో ఏడు నుంచే చెక్కు వస్తుంది. అప్పటిదాకా ఆమె ఖాతాను ‘అన్‌రికూప్డ్’ అంటారు, అంటే ఇంకా తీరనిది. రికార్డింగ్ ఖర్చు, వీడియో ఖర్చులో కొంత భాగం కూడా చాలా ఒప్పందాల్లో ఇందులోనే కలుస్తాయి కాబట్టి, పాట ఊరూవాడా మోగుతున్నా పాడినవాళ్ల ఖాతా తీరకుండా ఉండిపోవచ్చు. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడకూడదు. ఆ అడ్వాన్స్ మామూలు అప్పు కాదు. పాటలు అమ్ముడుపోకపోతే, సాధారణంగా గాయని తన జేబులోంచి తిరిగి కట్టనక్కర్లేదు. ఆ పాటల మీద వచ్చే రాబడిలోంచే కంపెనీ తన డబ్బు కోసుకోవాలి, రాబడి లేకపోతే నష్టం కంపెనీదే. అప్పు వసూలుకీ రికూప్‌కీ మధ్య ఉన్న గీత ఇది. ఒప్పందం తెలుగులో వివరించేటప్పుడు ‘అడ్వాన్స్‌ను తిరిగి చెల్లించాలి’ అని రాస్తే సంతకం పెట్టే మనిషి మీద లేని భారం మోపినట్టే. ‘అడ్వాన్స్‌ను వచ్చే రాబడిలో పట్టుకుంటారు’ అని రాయాలి.

రికూప్‌నూ ‘రికవర్’నూ ఒకే గాటన కట్టడం ఇంకో పొరపాటు. రికవర్ లాటిన్ నుంచి వచ్చింది. జబ్బు నుంచి తేరుకోవడాన్ని చెప్పే ‘రికూపరేట్’ దానికి తోబుట్టువు. రికూప్, రికూపరేట్ చూడ్డానికి ఒకేలా ఉన్నా వాటి వేర్లు వేరు. రికవర్ పరిధి పెద్దది. పోయిన వస్తువు దొరికినా, ఒళ్లు బాగుపడినా, మార్కెట్ లేచినా, చెరిగిపోయిన ఫైళ్లు వచ్చినా అదే మాట. దొంగతనానికి గురైన ఉంగరం పోలీసులకు దొరికితే దాన్ని రికవర్ చేశారంటారు. రికూప్ చేశారని ఎవరూ అనరు. ఉంగరం దొరక్క, దాని విలువ ఇన్సూరెన్స్ ద్వారా వస్తే అప్పుడు నష్టాన్ని రికూప్ చేసుకున్నట్టు. అంటే పోయిన వస్తువు రాలేదు, పోయినంత వచ్చింది. ‘అది’, ‘అంత’ అనే రెండు చిన్న మాటల మధ్య ఉన్న దూరమే ఈ రెండు క్రియల మధ్య దూరం.

తెలుగు ‘పూడ్చు’లో ఈ సంగతి ఎంత స్పష్టంగా ఉందో చూడండి. గండి పూడ్చుతారు, గొయ్యి పూడ్చుతారు, లోటు పూడ్చుతారు. గండి పడి చెరువులో నీళ్లు పోయాక మట్టి తెచ్చి గండి పూడ్చితే, పోయిన నీళ్లు వెనక్కి రావు. కొట్టుకుపోయిన మట్టి కూడా అదే రాదు, వేరే చోట తవ్వి తెస్తారు. కట్ట ఎత్తు మాత్రం ఎప్పటిలా అవుతుంది. ‘నష్టాన్ని పూడ్చుకున్నారు’ అన్నప్పుడు తెలుగు చెబుతున్నది సరిగ్గా ఇదే: వేరే చోట తవ్వారు, ఇక్కడ పోశారు, మట్టం సమానమైంది. రికూప్‌కి నష్టం పక్కన వాడటానికి ఇంతకంటే నప్పే మాట లేదని గట్టిగా చెప్పవచ్చు.

‘రాబట్టు’ది వేరే గుణం. అందులో అవతలి పక్క ఒక ప్రతిఘటన ఉంటుంది. బకాయిలు రాబట్టారు, నిజం రాబట్టారు, సమాచారం రాబట్టారు అంటాం. దానంతట అది రాదు, రప్పించాలి. పెట్టుబడి కూడా అంతే, మార్కెట్ ఊరికే ఇవ్వదు. అరబ్బీ నుంచి మనదాకా వచ్చిన ‘వసూలు’కి మూలార్థం చేరడం. ఒకటి రప్పించడం, ఒకటి చేరడం. డబ్బును ప్రయాణం చేసి వచ్చే మనిషిలా చూసే అలవాటు రెండింట్లోనూ ఉంది. సినిమా వ్యాపారం మాట్లాడుకునేవాళ్లు ఈ రెండింటినీ రోజూ వాడతారు. వసూళ్లు ఎంత, ఎంత షేర్ రాబట్టింది, బ్రేక్ ఈవెన్ అయిందా అని లెక్క చూస్తారు. ఇందులో బ్రేక్ ఈవెన్ అంటే రికూప్ పూర్తయిన క్షణం. తెలుగులో దాన్ని ఇంకా తేలిగ్గా ‘అసలు వచ్చేసింది’ అంటాం.

ఇక ‘కోలుకొను’. దీని ఎదురుగా ‘కోలుపోవు’ను నిలబెట్టి చూడాలి. ఇప్పుడు ‘కోల్పోవు’ అని రాస్తున్నది దాన్నే. కోలు పోతే కోల్పోవడం, కోలు తెచ్చుకుంటే కోలుకోవడం. ఒప్పుకోలు, వేడుకోలు, వీడుకోలు, కొనుగోలు, వీటి చివర వినిపించే ‘కోలు’ ‘కొను’ అనే క్రియకు నామరూపం. పోగొట్టుకోవడానికీ తిరిగి నిలదొక్కుకోవడానికీ ఒకే మొదలు ఉన్న ఇలాంటి జంట మాటలు దొరకడం అరుదు. అయినా ఇవి వాడుకలో ఎంత దూరం జరిగాయంటే, పక్కపక్కన రాసి చూపిస్తే తప్ప చుట్టరికం గుర్తుకురాదు. కోల్పోవడానికి కర్మ కావాలి, ఏదో ఒకదాన్ని కోల్పోతాం. కోలుకోవడానికి అక్కర్లేదు, మనిషే కోలుకుంటాడు. అందుకే ఇది డబ్బు లెక్క కంటే ఒంటి స్థితికీ, మనసు స్థితికీ ఎక్కువగా అమరుతుంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ‘తేరుకొను’లో బురద నీళ్లు అడుగుకు దిగి పైన తేటపడే చిత్రం ఉంది, అందుకే అది షాక్ నుంచి, దుఃఖం నుంచి బయటపడటానికి బాగుంటుంది. ‘పుంజుకొను’ ఊపునీ బలాన్నీ చెబుతుంది, పాత స్థాయికి చేరిందో లేదో చెప్పదు. ‘పరిహారం’ ఇంకొకరు ఇచ్చేది, రాబట్టుకోవడం తన ప్రయత్నం. చివర చేరే ‘కొను’ కూడా ఈ సంగతే చూసుకుంటుంది. ప్రభుత్వం నష్టాన్ని పూడ్చింది అంటే ఇంకొకరి నష్టం, పూడ్చుకుంది అంటే తన నష్టం. ఒక్క ‘కు’తో తెలుగు చెప్పే ఈ తేడా కోసం ఇంగ్లీషు అదనంగా మాటలు వెచ్చించాలి. అయితే ఈ వైవిధ్యం అంతా ఇప్పుడు ‘రికవరీ’ అనే ఒక్క మాట కిందకు జారిపోతోంది. పేషెంటు రికవరీ, బంగారం రికవరీ, లోన్ రికవరీ, డేటా రికవరీ. మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు. రాసేటప్పుడు మాత్రం ఏది ఒళ్లు, ఏది వస్తువు, ఏది లెక్క అన్నది చదివేవాళ్లే తేల్చుకోవాల్సి వస్తుంది.

లెక్క అన్నాం కాబట్టి, రికూప్ అనే మాట దాచిపెట్టే ఒక గణితం ఉంది. ‘సగం పోయింది, సగం పెరిగితే చాలు’ అని మనసు అనుకుంటుంది. 100లో 50 శాతం పోతే మిగిలేది 50. ఆ 50 మీద 50 శాతం పెరిగితే 75 మాత్రమే. మళ్లీ 100 కావాలంటే 100 శాతం పెరగాలి. 10 శాతం నష్టానికి 11 శాతం పైచిలుకు లాభం కావాలి, 20 శాతం నష్టానికి 25, 90 శాతం నష్టానికి 900. నష్టం లోతు పెరిగేకొద్దీ ఎక్కాల్సిన గట్టు అంతకంత నిట్టనిలువు అవుతుంది. అమెరికా స్టాక్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ 1929 సెప్టెంబర్ 3న 381.17 దగ్గర ముగిసింది. 1932 జూలై 8 నాటికి 41.22కి పడిపోయింది. దాదాపు 89 శాతం పతనం. ఆ పాత శిఖరాన్ని దాటింది 1954 నవంబర్ 23న. పడటానికి మూడేళ్లు పట్టలేదు, ఎక్కడానికి 22 ఏళ్లు పట్టింది. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబర్ 29 నాటి ముగింపు స్థాయిని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరి 22న. ఈ మధ్యలో ‘మార్కెట్ కోలుకుంది’ అన్న శీర్షిక ఎన్నిసార్లు వచ్చినా తప్పు కాదు, ఎందుకంటే కోలుకోవడం దిశను చెబుతుంది. ‘నష్టాలు పూడ్చుకుంది’ అని రాసుంటే మాత్రం తప్పే, పూడ్చడానికి మట్టం అనే ఒక కొలత ఉంది.

కోర్టుల్లో ఈ మాట మీద సముద్రానికి అటూ ఇటూ తీర్పులు వేర్వేరుగా ఉన్నాయి. పెద్ద కంపెనీ పోటీదారును దెబ్బతీయడానికి సరుకును ఖర్చు కంటే తక్కువకు అమ్మిందనుకుందాం. అది చట్టవిరుద్ధం అనాలంటే ఏం రుజువు చేయాలి? అమెరికా సుప్రీంకోర్టు 1993లో బ్రూక్ గ్రూప్ కేసులో రెండు కావాలంది: ధర ఖర్చు కంటే తక్కువ ఉండాలి, ఆ పోగొట్టుకున్న డబ్బును తర్వాత ధరలు పెంచి రికూప్ చేసుకునే అవకాశం నిజంగా ఉండాలి. ఆ అవకాశమే లేకపోతే కొనేవాళ్లకు తక్కువ ధర లాభమే కదా అని దాని తర్కం. ఐరోపా న్యాయస్థానం 2009లో ఫ్రాన్స్ టెలికాం కేసులో, రికూప్ అవకాశాన్ని రుజువు చేయడం తప్పనిసరి షరతు కాదని తేల్చింది. పోటీదారు మూతపడ్డాక కొనేవాళ్లకు ఎంచుకునే వీలు తగ్గడమే ఒక నష్టమని అక్కడి ఆలోచన. ఒక క్రియ చుట్టూ ఇంత పెద్ద భేదం ఉన్నప్పుడు, ఆ తీర్పుల వార్తల్లో ‘లాభం పొందే అవకాశం’ అని రాసేస్తే వాదన మొత్తం మాయమవుతుంది.

తెలుగులో అందరికీ తెలిసిన మాట ఒకటుంది: పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి. వస్తువు విషయంలో ఇది అక్షరాలా నిజం. తాళంచెవి జారిపోయిన చోట వెతక్కుండా ఇంకెక్కడో వెతికితే దొరకదు. డబ్బు విషయానికి వచ్చేసరికి ఈ మాట ప్రమాదకరమవుతుంది. డబ్బుకు చోటు లేదు. ఏ వంద అయినా వందే. పేకాటలో పోయింది పేకాటలోనే రావాలని లేదు, ఒక షేరులో పోయింది ఆ షేరే ఇవ్వాలని లేదు. గండి పూడ్చే మట్టిని వేరే చోట తవ్వినట్టు, వేరే పనిలో వచ్చిన రాబడి కూడా ఆ నష్టాన్ని పూడ్చుతుంది. పోగొట్టుకున్న మనిషి మాత్రం తనది తాళంచెవి అనుకుంటాడు, మళ్లీ ఆ బల్ల దగ్గరకే వెళతాడు.

సభాపర్వంలో జూదం నడిచిన తీరు ఇదే. ధర్మరాజు సంపద, తమ్ముళ్లు, చివరికి తానూ పోయాక, ఇంకా ద్రౌపది ఉంది కదా, ఆమెను ఒడ్డి నిన్ను నువ్వు తిరిగి గెలుచుకో అంటాడు శకుని. తిరిగి గెలుచుకోవడం అన్న ఆశే అక్కడ ఎర. 1979లో డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే సంగతిని తమ పరిశోధనా వ్యాసంలో చెప్పారు. నష్టంతో రాజీపడని మనిషి, మామూలుగా అయితే ఒప్పుకోని పందేలకు కూడా ఒప్పుకుంటాడన్నది వాళ్ల గమనిక. అమెరికాలో మానసిక వైద్యులు వాడే డీఎస్ఎం 5 అనే నిర్ధారణ గ్రంథం జూద వ్యసనానికి తొమ్మిది లక్షణాలు చెబుతుంది. అందులో ఒకటి, డబ్బు పోగొట్టుకున్నాక దాన్ని రాబట్టుకోవడానికి మళ్లీ ఇంకో రోజు ఆటకు రావడం. ‘రాబట్టుకోవాలి’ అన్న మాట పెట్టుబడి పెట్టిన మనిషి నోట వినిపిస్తే ఒక ప్రణాళిక, జూదం బల్ల దగ్గర వినిపిస్తే ఒక జబ్బు లక్షణం. ఆ మాట అన్న మనిషి దగ్గర ఉన్నవాళ్లు ఈ తేడా పట్టుకోగలిగితే చాలా ఇళ్లలో చాలా కన్నీళ్లు తగ్గుతాయి.

లెక్కల పుస్తకాలు రాసేవాళ్లు ఈ విషయంలో మనసుకంటే నిక్కచ్చిగా ఉంటారు. ఇక రాదని తేలిన అప్పును ‘రాని బాకీ’ కింద రాసి, ఆ ఏడాది నష్టంలో కలిపేస్తారు. ఆ మనిషి పేరు మీద ఉన్న ఖాతా అక్కడితో మూసేస్తారు. ఎప్పుడో రెండు మూడేళ్లకు అతను వచ్చి డబ్బు కట్టాడనుకుందాం. పాత ఖాతా తిరగదోడి నష్టాన్ని చెరిపేయరు. వచ్చిన ఏడాదిలో, లాభనష్టాల ఖాతాలో జమ వైపు, కొత్త ఆదాయంగా రాస్తారు. తెలుగు వాణిజ్యశాస్త్రంలో ఆ పద్దు పేరు ‘వసూలైన రాని బాకీలు’. చదవగానే ఒకదాన్నొకటి కొట్టుకునే మాటల్లా అనిపిస్తాయి కానీ, అందులో ‘రాని’ అన్నది ఆ రోజు తేల్చుకున్న సంగతి, ‘వసూలైన’ అన్నది ఈ రోజు జరిగిన సంగతి.